జెర్రిపోతు గురించి సైన్సు మేస్టారితో

కుబుసం బడికి తెచ్చిందని కబురెట్టారు గదండీ,
తప్పేనండి. పిల్లలు జడిసుంటారు.
కానీ మొదట్నుంచీ చెప్పాలి, కూర్చుంటానండి.

పోయిన శ్రావణంలో
ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఇచ్చిన రాత్రి
లంకలోంచి పడవెక్కి ఏటిగట్టు మీదికొచ్చాం,
నేనూ, సుహాసినీ, రెండు మేకలూ, గేసు బండా.
వరద తీసాక ఇంటికెళితే
గదిలో పిక్కల్లోతు బురద.
అటక మీద అరటిగెలని చుట్టుకుని జెర్రిపోతు.
మాకన్నా ముందే కాపురం పెట్టేసింది.

నేను గెడకర్ర తీసాను.
మా అన్న ఆశీర్వాదాన్ని తమలపాకు తోటలో
రక్తపింజరి కాటేసినప్పుడు
అమలాపురం ఆసుపత్రి దాకా
వాడి కాలు నా ఒళ్ళోనే ఉందండి.
నల్లబడిన ఆ పిక్క బరువు
ఇప్పటికీ నా తొడకి తెలుసు.
నాకు పాముల్లో రకాల్లేవు.

సుహాసినికి ఉన్నాయి.
"దానికి విషం లేదమ్మా, ఎలకల్ని తింటాది" అంది.
నీకెవరు చెప్పారే అంటే "మా సైన్సు మేస్టారు."
అప్పుడు మిమ్మల్ని తిట్టానండి. ఏమనుకోకండి.

ఇక మొదలెట్టింది.
రేవులో పులస బేరం కూడా అంతసేపు సాగదు.
పుట్టలో పాలు పోసే ఎదురింటోళ్ళని చూపించింది.
వాళ్ళ పాము పుట్టలో ఉంటాదే,
నీది నా బియ్యం డబ్బా నెత్తిమీదుంది, అన్నాను.
ఆదివారం బడిలో చెప్పే తోటలో పాము సంగతి నేనెత్తితే
"ఆ తోటలో ఎలకలుండుంటే
దానికి పాడుపనులకి తీరికుండేది కాదు" అంది.
పాస్టరుగారికి చెప్తానుండు అని
గోడవైపు తిరిగి నవ్వుకున్నాను.

అప్పుడు లెక్కల నోటు తీసింది.
ఏడాదిలో ఎలకలు తిన్న బియ్యం,
కొరికేసిన కొబ్బరికాయలు, నా గుడి చీర అంచు,
ఆఖరికి డ్వాక్రా పుస్తకం మూల,
అన్నిటికీ ధర కట్టి కింద గీత గీసింది.
పదకొండొందల నలభై.
గెడకర్ర చేతిలో ఉండగానే
ఆ కూడిక నేను రెండుసార్లు సరిచూసానండి.

షరతులు పెట్టాను.
పొయ్యి దగ్గరికి రాకూడదు.
బాతుగుడ్ల బుట్ట ముట్టకూడదు.
దానికి పేరు పెట్టకూడదు.
పేరెడితే ఇక మనదైపోద్ది గదండీ.
మొదటి రెండూ పాము తప్పింది,
మూడోది ఈ పిల్ల.
మోకు అని పెట్టింది.

పెంచుకోడమంటే బుట్టలో పెట్టి మూతేయడం అనుకున్నాను.
అది బుట్టా అడగలేదు, మూతా అడగలేదు.
పొద్దున్నే వంటగది కిటికీలోంచి పోయేది,
దీపాల వేళకి అటకెక్కేది.
సుహాసిని దాన్ని ఒక్కసారీ ముట్టుకోలేదండి.
మరి నీదెలాగయిందే అంటే
"నువ్వు కర్ర కింద పెట్టావుగా, అలాగ" అంది.

కార్తీకం వెళ్ళాక రావడం మానేసింది.
అటక దులుపుతుంటే కుబుసం దొరికింది,
ఊపిరి తగిలినా వణికేంత పల్చన,
కళ్ళ మీది పొరలతో సహా.
పారేద్దామని తీసుకెళ్ళి
ట్రంకుపెట్టెలో చీరల మధ్య పెట్టింది నేనేనండి.
పిల్ల అందులోంచే తీసింది.
కాబట్టి తప్పులో సగం నాది.

ఇంకో మాటండి, వెళ్ళిపోతాను.
పైన భద్రాచలంలో నీళ్ళు పెరుగుతున్నాయని
రాత్రి మైకులో చెప్పారు.
మేకల తాళ్ళు మార్చాను.
గేసు బండ గట్టు మీదికి చేరేసాను.
ఈ పొద్దున తాళం వేస్తూ
వంటగది కిటికీ మటుకు బెత్తెడు తీసుంచాను.

గాలికని చెప్పానండి పిల్లతో.